ఈ-పేపర్లు, వెబ్ వార్తలు, టీవీ క్లిప్పులు ఇతరులకు పంచడంలో కాపీరైట్, లైసెన్స్ విషయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్లవారి అయిదున్నర కాకముందే ఊరి వాట్సాప్ గ్రూపులో నాలుగైదు దినపత్రికల పీడీఎఫ్‌లు వరుసగా వచ్చి చేరడం ఇప్పుడు చాలామందికి అలవాటైన సంగతి. పంపేవారిలో ఎక్కువమంది సదుద్దేశంతోనే పంపుతున్నారు. నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసిన కాలంలోను, తరువాత పునర్ముద్రణకు అనుమతి కోరుతూ వచ్చే ఉత్తరాలు చూసిన కాలంలోను పదేపదే ఎదురైన ప్రశ్నలను ఇక్కడ చేర్చాను. జవాబులకు ప్రధానమైన ఆధారం 1957 నాటి భారత కాపీరైట్ చట్టం, దానికి 2012లో జరిగిన సవరణలు. నోటీసు అందినవారు, దావా వేయదలచినవారు మాత్రం తమ కాగితాలతో న్యాయవాదిని కలవడం అవసరం.

అసలు వార్తకు కాపీరైట్ ఉంటుందా?

జరిగిన సంగతికి ఉండదు. దానిని రాసిన తీరుకు ఉంటుంది. ఈ ఒక్క భేదం మనసుకు పడితే మిగిలిన జవాబుల్లో సగం వాటంతటవే తెలుస్తాయి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఈ అంకె ఎవరి సొత్తూ కాదు. ఏ పత్రికలో చదివినా, ఏ చానల్‌లో విన్నా, మీ మాటల్లో ఎవరికైనా చెప్పవచ్చు, రాయవచ్చు. కానీ ఆ రాత్రి కరకట్ట మీద నిలబడి, ముంపు కాలనీల నుంచి మంచాలు, వంటపాత్రలు ట్రాక్టర్లకు ఎక్కించుకుంటున్నవారితో మాట్లాడి ఒక విలేకరి రాసిన కథనం, ఆ వాక్యాలు, ఆ వరుస, అక్కడ తీసిన ఫొటో వారి సృష్టి.

భావానికి కాపీరైట్ లేదని, భావాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన, భారత్ 1928 నుంచి సభ్యదేశంగా ఉన్న బెర్న్ ఒప్పందం కూడా రోజువారీ వార్తలు, కేవలం సమాచారంగా ఉండే అంశాలు తన రక్షణ కిందికి రావని చెబుతుంది. క్రికెట్ మ్యాచ్ స్కోరును బంతి బంతికీ ఎస్ఎంఎస్‌లుగా పంపే సంస్థలపై వచ్చిన వివాదంలోనూ ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2013లో ఇదే దారి పట్టింది. అప్పుడే జరిగిన సంఘటన తాలూకు సమాచారంపై చట్టంలో లేని ప్రత్యేక హక్కును కల్పించడానికి ఆ ధర్మాసనం అంగీకరించలేదు.

కొన్న ఈ-పేపర్ పీడీఎఫ్‌ను గ్రూపులో పెట్టవచ్చా? నేను చందా కట్టాను కదా.

చందా మీరు చదువుకోవడానికి. సంచికను దించుకుని మీ ఫోన్‌లో దాచుకోవడానికి అభ్యంతరం లేదు. వ్యక్తిగత వినియోగానికి, పరిశోధనకు చేసే సముచిత వినియోగాన్ని, అందుకోసం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచడాన్ని సెక్షన్ 52 అనుమతిస్తుంది. పూర్తి సంచికను ఇతరులకు అందుబాటులో ఉంచడం మాత్రం వేరే పని. సెక్షన్ 14 ప్రకారం రచనను ప్రజలకు చేరవేసే హక్కు యజమానిది. ఎవరైనా నిజంగా తెరిచి చూశారా లేదా అన్నది ముఖ్యం కాదు, చూడగలిగేలా పెట్టడమే చేరవేయడం అవుతుంది. ఇంట్లో నలుగురు ఒకే పత్రిక చదువుకోవడానికి, ముక్కూమొహం తెలియని 800 మంది ఉన్న గ్రూపులో రోజూ సంచికను పెట్టడానికి ఉన్న తేడాను చట్టం అంకెతో చెప్పలేదు గానీ, చూసినవారెవరికైనా ఆ తేడా తెలుస్తుంది.

2020లో లాక్‌డౌన్ సమయాన ఇంటికి పేపరు రావడం ఆగిపోయి ఈ అలవాటు ఎంతో పెరిగింది. ఆ ఏడాది మే నెలలోనే, దైనిక్ జాగరణ్ ఈ-పేపర్‌ను టెలిగ్రామ్ చానళ్లలో పంచుతున్నారంటూ ప్రచురణ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ చానళ్లను 48 గంటల్లో తొలగించాలని, నడిపిస్తున్నవారి వివరాలు వెల్లడించాలని టెలిగ్రామ్‌ను కోర్టు ఆదేశించింది. పేరు కనిపించదు కనుక పట్టుబడమనుకోవడం సరికాదు.

ఈ-పేపర్ ఉచితంగానే దొరుకుతున్నప్పుడు?

ఉచితంగా చదవనివ్వడం వేరు, ఉచితంగా పంచనివ్వడం వేరు. పత్రిక తన వెబ్‌సైటులో తన ప్రకటనల నడుమ చదవనిస్తోంది. పీడీఎఫ్ బయటికి వెళ్లినప్పుడు ఆ పాఠకుడు వారి లెక్కలోకి రాడు. లింకు పంపండి.

లింకు పంపడంలో ఇబ్బంది లేదా?

ప్రచురణకర్త స్వయంగా పెట్టిన పేజీకి లింకు ఇవ్వడం వల్ల ఆ రచన నకలు తయారు కాదు కనుక సాధారణంగా ఇబ్బంది లేదు. శీర్షిక కలిపి పంపినా ఫరవాలేదు. కేవలం ఒక శీర్షికకు కాపీరైట్ ఉండదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. దొంగ పీడీఎఫ్‌లు పెట్టే చానల్‌కు తెలిసి తెలిసి లింకు పంచడం దీని కిందికి రాదు. చందాదారులకే పరిమితమైన పేజీకి వేసిన సాంకేతిక తాళాన్ని, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తప్పించడం సెక్షన్ 65ఎ కింద నేరం.

సభ్యులు పెట్టిన పీడీఎఫ్‌కు గ్రూపు అడ్మిన్ బాధ్యుడా?

అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుల పోస్టులకు నేరబాధ్యత రాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో తీర్పులిచ్చాయి. అవి కాపీరైట్ కేసులు కావు గానీ వాటి తర్కం ఇక్కడా వర్తిస్తుంది. అయితే ఉల్లంఘనకు తెలిసి తోడ్పడినవారిని కూడా సెక్షన్ 63 శిక్షార్హులుగానే చూస్తుంది. రోజూ తానే పీడీఎఫ్ పెట్టే అడ్మిన్, అందుకోసమే గ్రూపు తెరిచి నెలకు ఇంత అని వసూలు చేసే అడ్మిన్ ఈ తీర్పుల చాటున నిలబడలేరు.

ఒక కథనంలో ఎంత భాగం ఉటంకించవచ్చు? పది శాతం నియమం ఉందంటారు.

అటువంటి నియమం మన చట్టంలో లేదు. చట్టం చూసేది ప్రయోజనాన్ని. విమర్శకు, సమీక్షకు, వర్తమాన సంఘటనల నివేదనకు సముచితంగా వాడుకోవచ్చని సెక్షన్ 52 చెబుతుంది. తీసుకున్న భాగం ఎంత, అందులో సారం ఎంత, మీరు చేర్చినది ఏమిటి, మీ రచన వల్ల మూలాన్ని చదవవలసిన అవసరం తీరిపోతోందా అనే ప్రశ్నలను కోర్టులు వేసుకుంటాయి. ఒక సంపాదకీయంలో ఎరువుల సబ్సిడీ గురించి చేసిన వాదనను ఖండించదలచినవారు ఆ రెండు మూడు వాక్యాలను కొటేషన్లలో ఇచ్చి, పత్రిక పేరు, తేదీ తెలిపి, తమ వాదన రాయవచ్చు. సంపాదకీయం మొత్తం పెట్టి చివర "ఆలోచించండి" అని ఒక్క మాట చేరిస్తే అది విమర్శ అనిపించుకోదు.

"సౌజన్యం: ఫలానా పత్రిక" అని రాస్తే చాలదా?

చాలదు. పేరు చెప్పడం మర్యాద, అనుమతి అంతకు వేరు. అనుమతి ఉన్నప్పుడు కూడా పేరు చెప్పాలి, ఎందుకంటే హక్కులు అమ్ముకున్న తరువాత కూడా రచయిత అని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరించకుండా ఆపే హక్కు సెక్షన్ 57 ప్రకారం రచయితకే మిగులుతాయి.

ఫొటోల విషయంలో ఇది మరీ బాధ కలిగిస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ఫిర్యాదు ఇంకా గుర్తుంది. జిల్లాలో పనిచేసే ఒక ఫొటోగ్రాఫర్ మోకాలి లోతు నీటిలో తడిసిన వరి పనలను గట్టుకు చేరుస్తున్న రైతు దంపతుల చిత్రం తీశారు. కుడివైపు అడుగున చిన్న తెల్ల అక్షరాలతో ఆయన పేరుంది. మూడు రోజుల్లో ఆ చిత్రం ఎన్నో పేజీల్లో కనిపించింది, ప్రతిచోటా అడుగు భాగం సరిగ్గా పేరు పోయేంత మేర కత్తిరించి ఉంది. ఆయన అడిగింది డబ్బు కాదు, పేరు తిరిగి పెట్టించమని. అలా హక్కుల సమాచారాన్ని తెలిసి, అధికారం లేకుండా తొలగించడం 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65బి కింద నేరం. రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి.

ఒక పత్రికలోని వ్యాసాన్ని మరొక పత్రిక వేసుకోవచ్చని చట్టంలోనే ఉందంటారు, నిజమేనా?

నిజమే, హద్దులతో. వర్తమాన ఆర్థిక, రాజకీయ, సామాజిక, మత విషయాలపై వచ్చిన వ్యాసాన్ని మరొక వార్తాపత్రికలో లేదా నియతకాలికలో పునర్ముద్రించడం ఉల్లంఘన కాదని సెక్షన్ 52(1)(ఎం) చెబుతుంది. కానీ పునర్ముద్రణ హక్కును రచయిత స్పష్టంగా తనకు ఉంచుకున్నప్పుడు ఈ వెసులుబాటు పోతుంది. అటువంటి ప్రకటన ఉందేమో వ్యాసం కిందా, పత్రిక వివరాల పెట్టెలోనూ వెతకకుండా ఈ నిబంధనను నమ్ముకోకూడదు. కథ, కవిత, ఫొటో, కార్టూన్ దీని కిందికి రావు.

ఇంగ్లిష్ కథనాన్ని తెలుగులోకి అనువదించి పెడితే అది నా రచనే కదా?

అనువాదంలో మీ శ్రమ ఉంది, దానిని గౌరవించాలి. కానీ అనువదించే హక్కు మొదట మూల రచయితది. అనుమతి లేకుండా వాక్యం వెంట వాక్యం తెలుగు చేసి ప్రచురిస్తే ఉల్లంఘనే. ఆ పని యంత్రం చేసిపెట్టినా జవాబు మారదు. అదే కథనంలోని వాస్తవాలను గ్రహించి, మరి రెండు చోట్ల సరిచూసుకుని, మీ వరుసలో మీరు రాస్తే అది మీ వార్త. మాటలకు పర్యాయపదాలు వేసి పేరాలు అటూ ఇటూ మార్చడాన్ని ఇలా రాయడంగా పొరబడకూడదు.

కృత్రిమ మేధ సంస్థలు వార్తా కథనాలను తమ వ్యవస్థల శిక్షణకు వాడుకోవడం కాపీరైట్ ఉల్లంఘనా కాదా అన్న ప్రశ్నతో ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఓపెన్ఏఐపై ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. ఒక సంస్థ వార్తల డేటాబేసుకు చందా కట్టి, అందులోని కథనాల నుంచి ఇటువంటి యంత్రంతో జవాబులు తీసుకోవాలన్నా, చందా ఒప్పందంలో యంత్ర విశ్లేషణ గురించి ఏమి రాశారో ముందు చూడాలి.

గ్రూప్-1, గ్రూప్-2 అభ్యర్థులకు కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ తయారుచేసి అమ్మవచ్చా?

నియామకం, అవార్డు, పథకం, తేదీ, బడ్జెట్ అంకె వంటివి మీ మాటల్లో కూర్చి అమ్ముకోవచ్చు. పత్రికల ఎడిట్ పేజీ వ్యాసాలను కత్తిరించి, వరుసగా అతికించి, పైన సంస్థ లోగో వేసి అమ్మడం కుదరదు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు, విద్యార్థి బోధన క్రమంలో చేసుకునే నకళ్లకు చట్టం వెసులుబాటు ఇచ్చింది. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీల కేసులో హైకోర్టు దానిని విశాలంగానే అన్వయించింది. ఆ తీర్పును చూపించి వేలమందికి డబ్బుకు పీడీఎఫ్‌లు పంపడం ఆ తీర్పు ఉద్దేశాన్ని దాటిపోవడమే.

అంధులకు చదివి వినిపించడానికి కథనాలను ఆడియోగా మార్చవచ్చా?

మార్చవచ్చు. వైకల్యం ఉన్నవారికి అందుబాటు రూపంలో రచనను మార్చి ఇవ్వడాన్ని సెక్షన్ 52(1)(జడ్‌బీ) అనుమతిస్తుంది. సంస్థలు చేస్తే లాభం తీసుకోకుండా, తయారీ ఖర్చు మేరకే వసూలు చేయాలి. ఈ పని చేసేవారు ఇంకా పెరగాలని నా కోరిక.

టీవీ చర్చలోని ముక్కను యూట్యూబ్‌లో వాడుకోవచ్చా?

ప్రసార సంస్థకు తన ప్రసారంపై 25 ఏళ్లపాటు వేరే హక్కు ఉంది. వర్తమాన సంఘటనల నివేదనకు, నిజమైన సమీక్షకు, బోధనకు, పరిశోధనకు సముచితంగా భాగాలు వాడుకోవచ్చని సెక్షన్ 39 చెబుతుంది. నాయకుడు అన్న మాట చూపించి దానిని విశ్లేషించడం ఈ పరిధిలోకి వస్తుంది. గంట చర్చను మూలన మీ ముఖం పెట్టి మొత్తం తిరిగి ప్రసారం చేయడం రాదు. యూట్యూబ్ నిబంధనలు చట్టానికి అదనం. 90 రోజుల వ్యవధిలో మూడు కాపీరైట్ స్ట్రైకులు (ఉల్లంఘన హెచ్చరికలు) వస్తే చానల్‌నే తొలగించవచ్చు. మీ వాడుక న్యాయమైనదని నమ్మితే ఆధారాలతో ప్రతివాదం పంపే వీలు అక్కడే ఉంది.

మా కార్యాలయంలో రోజూ క్లిప్పింగులు స్కాన్ చేసి అధికారులందరికీ పంపుతాము. ఇదీ తప్పేనా?

క్రమం తప్పకుండా, పూర్తి కథనాలను, సంస్థ అవసరం కోసం పంపుతున్నప్పుడు అది వ్యక్తిగత వినియోగం కాదు. దానికి లైసెన్స్ కావాలి. బ్రిటన్‌లో ఇందుకోసం ఎన్ఎల్ఏ మీడియా యాక్సెస్ అనే సంస్థ చాలా పత్రికల తరఫున లైసెన్సులు ఇస్తుంది. ఇక్కడ మాత్రం ప్రతి ప్రచురణ సంస్థనూ విడిగా అడగడమే నమ్మకమైన దారి. శీర్షిక, పేజీ సంఖ్య, మీ మాటల్లో రెండు వాక్యాల సారాంశం, లింకు ఉన్న పట్టిక తయారుచేసుకుంటే ఏ అనుమతీ లేకుండానే చాలా కార్యాలయాల అవసరం తీరుతుంది.

అనుమతి ఎవరిని అడగాలి?

పత్రికనే అడగాలని అందరూ అనుకుంటారు. అది సగమే సరి. పత్రికలో ఉద్యోగిగా ఉండి రాసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికలో ప్రచురించే మేరకే యాజమాన్యం మొదటి హక్కుదారు. మిగిలిన అన్ని విషయాలలో హక్కు రాసినవారిదేనని సెక్షన్ 17(ఎ) చెబుతుంది. ఉద్యోగపత్రంలో హక్కులన్నీ సంస్థకే అని రాసి ఉంటే అది వర్తిస్తుంది.

ఇక లైన్ అకౌంట్ మీద పనిచేసే మండల విలేకరుల సంగతి. వారిలో చాలామందికి సేవా ఒప్పందం ఉండదు, జీతం ఉండదు, అచ్చయిన అంగుళాల లెక్కన కొద్ది మొత్తం వస్తుంది. తాను రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు అటువంటి రచయితే తన రాతకు మొదటి హక్కుదారు. ఈ మాట వారికి ఎవరూ చెప్పరు. తమ కథనాలను పుస్తకంగా వేసుకోవచ్చా అని భయపడుతూ అడిగినవారిని చూశాను. సంతకం చేసిన కాగితం ఏదైనా ఉందేమో ముందు వెతుక్కోండి, లేకపోతే మీ రాత మీదే. ఫొటోలకు నియమం కొంత వేరు: డబ్బు చెల్లించి ప్రత్యేకంగా తీయించుకున్నవారే, ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారులు.

పీటీఐ వంటి వార్తా ఏజెన్సీల పేరుతో వచ్చిన వార్తకు, చిత్రానికి అనుమతి ఇచ్చే అధికారం దానిని అచ్చువేసిన పత్రికకు ఉండదు. ఆ ఏజెన్సీనే అడగాలి. అతిథి కాలమ్ అయితే రచయితకు కూడా ఒక ఉత్తరం రాయాలి.

ఉత్తరంలో ఏమి రాయాలి?

నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "మీ వ్యాసాలు వాడుకోవడానికి అనుమతించగలరు" అన్న ఒక్క వాక్యంతో ఉండేవి. ఏ వ్యాసమో, ఎక్కడ వాడతారో తెలియకుండా ఎవరూ అనుమతి ఇవ్వలేరు. ఇలా రాసినవారికి మాత్రం వారంలో జవాబు వెళ్లేది: "మీ పత్రిక ఫలానా తేదీ జిల్లా సంచిక, 4వ పేజీలో వచ్చిన చెరువుల పూడికతీత కథనాన్ని, అందులోని ఒక ఫొటోతో సహా, మా రైతు సంఘం వెబ్‌సైటులో రెండేళ్లపాటు మార్పులు లేకుండా ఉంచదలచాము. వెబ్‌సైటుకు ప్రకటనలు లేవు. రచయిత పేరు, పత్రిక పేరు పైన వేస్తాము. రుసుము ఉంటే తెలుపగలరు." ఏ రచన, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి ఇందులో ముఖ్యం. లైసెన్సు రాతలో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. ఇంటర్నెట్‌కు ఎల్లలు ఉండవు కనుక "ప్రపంచమంతటా" అన్న మాటను అడిగి రాయించుకోవాలి. జవాబు రాకపోవడాన్ని అంగీకారంగా తీసుకోకూడదు.

అనుమతి లేకుండా వాడుకోదగినవి ఏమున్నాయి?

చాలానే ఉన్నాయి. గెజిట్‌లో ప్రచురితమైన విషయాలు, కోర్టు నిషేధించని తీర్పులు, ఉత్తర్వులు, చట్టసభ ముందు ఉంచిన ప్రభుత్వ కమిటీల నివేదికలు సెక్షన్ 52(1)(క్యూ) కింద పునర్ముద్రించవచ్చు. తీర్పు స్వేచ్ఛగా దొరికినా, ప్రచురణకర్త తన నైపుణ్యంతో రాసిన హెడ్‌నోట్లు (తీర్పు పైన ఇచ్చే సారాంశాలు) వారివేనని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పత్రికా సమాచార కార్యాలయం తెలుగులో కూడా విడుదల చేసే ప్రకటనలు ప్రచురణ కోసం ఇచ్చేవే; మూలాన్ని పేర్కొని, అర్థం మారకుండా వాడుకోవాలి. హక్కుదారే కొన్ని షరతులతో అందరినీ వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నవి ఆ షరతుల మేరకు వాడవచ్చు. తెలుగు వికీపీడియా పాఠ్యాన్ని పేరు చెప్పి, అదే లైసెన్సుతో, అమ్మకానికి కూడా వాడుకోవచ్చు. "మార్పులు కూడదు" అన్న షరతుతో ఉన్న కథనాన్ని మాత్రం అనువదించడానికి వేరే అనుమతి కావాలి.

పాత పత్రికల సంగతేమిటి?

రచయిత మరణించిన ఏడాది ముగిసిన నాటి నుంచి 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో కన్నుమూశారు కనుక 2014 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. 1938లో మరణించిన ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు గారి రచనలకు గడువు ఎప్పుడో తీరింది. పత్రికా సంపాదకులు నార్ల వెంకటేశ్వరరావు గారు 1985లో మరణించారు. ఆయన రచనలకు 2045 చివరి వరకు అనుమతి కావాలి. రచయిత ఎవరో వెల్లడి కాని వార్తలకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు లెక్కించాలి.

విదేశాల్లో ఉన్న తెలుగు సంఘాలకు ఏ చట్టం వర్తిస్తుంది?

ఎక్కడ పంచుతున్నారో అక్కడి చట్టం. తెలుగు పత్రికల రచనలకు బెర్న్ ఒప్పందం వల్ల అక్కడా రక్షణ ఉంటుంది. అమెరికాలోని సముచిత వినియోగ సూత్రం మనకన్నా విశాలమైనదే, కానీ వార్తల ముక్కలను చందాదారులకు పంపే మెల్ట్‌వాటర్ సంస్థ 2013లో న్యూయార్క్ కోర్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ చేతిలో ఓడిపోయింది. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశం ప్రచురణకర్తలకు ఆన్‌లైన్ వాడుకపై రెండేళ్ల ప్రత్యేక హక్కు ఇచ్చింది; లింకులను, అతి చిన్న భాగాలను మినహాయించింది. కెనడాలో 2023 ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తల లింకులు కనిపించడం లేదని అక్కడివారు స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. లింకు పనిచేయకపోవడం నకలు తీయడానికి అనుమతి కాదు. సారాంశం మీ మాటల్లో రాసి, పత్రిక పేరు, తేదీ చెప్పండి.

ఉల్లంఘనకు శిక్ష ఎంత?

సెక్షన్ 63 ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల నుంచి 2 లక్షల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు కారణాలు నమోదుచేసి కోర్టు తగ్గించవచ్చు. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నష్టపరిహారం, నిలుపుదల ఉత్తర్వులు సివిల్ దావాలో వేరుగా ఉంటాయి.

నా కథనాన్నే ఎవరో యథాతథంగా వాడుకున్నారు. నేనేం చేయాలి?

రిజిస్ట్రేషన్ లేదని వెనుకాడవద్దు. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా మాత్రం ఉపకరిస్తుంది. ముందుగా ఆ పేజీని తేదీ, సమయం, చిరునామా కనిపించేలా భద్రపరచండి. తరువాత మర్యాదగా రాయండి. నేను చూసినంతలో ఎక్కువ తగవులు ఈ ఉత్తరంతోనే తీరిపోయాయి. స్పందన లేకపోతే దానిని నిల్వచేస్తున్న వేదికకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. సెక్షన్ 52(1)(సి), 2013 నాటి నిబంధనల పరిధిలోకి వచ్చే వేదిక 36 గంటల్లో దానిని అందుబాటు నుంచి తీయాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టే స్వేచ్ఛ దానికి ఉంది కనుక ఆ గడువును గుర్తుంచుకోండి. దావా వేయవలసి వస్తే మీరు నివసించే చోటనే జిల్లా కోర్టులో వేయవచ్చు. ఫొటో అయితే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలును, కథనం అయితే డెస్కుకు పంపిన మొదటి మెయిల్‌ను చెరపకుండా ఉంచుకోండి. వాట్సాప్‌లో పంపిన ప్రతికి నాణ్యత తగ్గిపోతుంది, తీసిన సమయం, కెమెరా వివరాలు కూడా సాధారణంగా అందులో మిగలవు.